గట్టిగా అరిచేవాడికి ముందు కట్టవద్దు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ క్రెడిట్ కార్డు బాకీ గురించి ఎవరో తన నంబరుకే ఫోన్ చేసి నానా మాటలూ అన్నారని మొన్న రాత్రి మీ అమ్మ నాకు చెప్పింది. గాజులు అమ్మేసి కట్టేద్దామా అన్నయ్యా అని అడిగేటప్పుడు దాని గొంతు వణికింది. ఏడాదిగా నువ్వు ఎవరికీ చెప్పకుండా ఈ బరువు ఒక్కడివే మోస్తున్నావని నాకు అప్పుడే తెలిసింది. నిన్ను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ముప్పై రెండేళ్లు బ్యాంకులో అప్పులు ఇచ్చి, వాటిని వసూలు చేసినవాణ్ణి కనుక బల్లకు అవతలివైపు ఏం జరుగుతుందో నాకు తెలుసు, అది నీకూ తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుందని రాస్తున్నాను.

నీ అప్పుల్లో ఏది ముందు తీర్చాలన్నది వసూలు ఏజెంటు చేతిలో పెట్టకు. జీతం పడగానే రోజుకు పదిసార్లు ఫోన్ చేసే లోన్ యాప్ వాడికి కట్టి, మూడు కార్డులకూ మినిమం డ్యూ, అంటే కనీసం కట్టవలసిన చిన్న మొత్తం, మాత్రం కట్టి నెట్టుకొస్తున్నావట. అప్పుల్లో ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఇలాగే చేస్తారు. ఏ బాకీ ముందు తీరాలో చెప్పవలసింది వడ్డీ రేటు. ఆ లెక్క నింపాదిగా కూర్చుని వేయాలంటే ముందు ఫోన్ల గోల తగ్గాలి.

రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. బూతులు మాట్లాడకూడదు, బెదిరించకూడదు, నీ కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి వెళ్లి నిన్ను నలుగురిలో అవమానపరచకూడదు. ఇంటికి వచ్చేవాడి దగ్గర గుర్తింపు కార్డుతో పాటు బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండి తీరాలి. వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే నిలబెట్టి, ఆ రెండూ చూసి, పేరు రాసుకుని, ఆ తరువాతే మాట్లాడు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఏ తేదీన ఏ నంబరు నుంచి ఎన్ని గంటలకు ఎవరు ఏమన్నారో ఆ రోజే రాసిపెట్టు, కాల్ రికార్డింగు ఉంటే దాచు. వీటితో బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ రాయి. మీ అమ్మకు వచ్చిన ఫోన్ సంగతి అందులో మొదటి వాక్యంలోనే ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, 14448కు ఫోన్ చేస్తే ఆ పద్ధతి చెబుతారు. అయితే అదే ఈమెయిల్‌లో నువ్వు ఎంత కట్టగలవో, ఎప్పటి నుంచి కట్టగలవో కూడా రాయి. కట్టే ఉద్దేశం ఉన్నవాడి ఫిర్యాదుకు బరువు ఎక్కువ.

ఏజెంటు చేతికి నగదు ఇవ్వకు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను. నేను ఉద్యోగంలో ఉండగానే నా ప్రాణస్నేహితుడొకడు ఏజెంటు మాట నమ్మి, పాత స్కూటరు అమ్మిన 15,000 రూపాయలు అతని చేతిలో పెట్టి, వెనుక ఏదో గిలికిన విజిటింగ్ కార్డును రసీదనుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ డబ్బు ఖాతాలో జమ కాలేదు, ఏజెంటు ఉద్యోగం మానేశాడు, బాకీ అలాగే ఉండిపోయింది. బ్యాంకులో పనిచేసే నన్ను ముందు ఒక్క మాట అడిగి ఉంటే అది జరిగేది కాదని ఇప్పటికీ బాధపడతాను. కట్టేది ఏదైనా నీ ఖాతా నుంచి నేరుగా అప్పు ఖాతాకే వెళ్లాలి.

రేపు పోలీసులు వచ్చి తీసుకుపోతారని వాళ్లు మీ అమ్మను భయపెట్టారట. అప్పు తీర్చలేకపోవడం దానంతట అదే నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. కాకపోతే ఇచ్చిన చెక్కు గానీ ఆటో డెబిట్ గానీ ఖాతాలో డబ్బు లేక వెనక్కి వస్తే క్రిమినల్ కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది. కనుక వాట్సాప్‌లో వచ్చే ఎర్ర ముద్రల వారెంట్లను పట్టించుకోనక్కరలేదు గాని, రిజిస్టర్డ్ పోస్టులో వచ్చే నోటీసును మాత్రం ఒక్కరోజు కూడా పక్కన పెట్టకు. చెక్కు నోటీసుకు గడువు 15 రోజులే. రాజీతో తగవులు తీర్చే లోక్ అదాలత్ నుంచి నిజమైన నోటీసు వస్తే తప్పకుండా వెళ్లు, అక్కడ వాయిదాలు అడగవచ్చు. కాని అక్కడ ఒప్పుకున్నదానిపై అప్పీలు ఉండదు, కట్టగలిగిన అంకెకే సంతకం పెట్టు.

యాప్‌ల సంగతి వేరు. 2020 చివరలో ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన తెలంగాణలోనే ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు, అందుకే నువ్వూ యాప్‌ల అప్పుల్లో ఉన్నావని విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న బ్యాంకు గాని, ఫైనాన్స్ కంపెనీ గాని వెనుక లేని యాప్ అయితే దానికి అడిగినంతా కట్టుకుంటూ పోకు. ఫోన్‌లో కాంటాక్టుల, ఫొటోల అనుమతులు తీసివేసి, సాక్ష్యాలు భద్రపరచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయి. ఫొటోలు మార్చి అందరికీ పంపుతామని బెదిరిస్తే, వాళ్లకంటే ముందు నువ్వే బంధువులకు విషయం చెప్పు. మాలో ఎవరూ నిన్ను తక్కువగా చూడరు.

ఇక అన్నీ కలిపి ఒకే అప్పుగా మార్చుకోవడం గురించి నువ్వు అడిగావు. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటేనే అయ్యో అంటాం. నీ కార్డులు నూటికి మూడున్నర రూపాయలు తీసుకుంటున్నాయి. మూడు కార్డుల మీద 2,40,000 రూపాయలకు నెల వడ్డీ 8,400, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 9,912. ఇంత కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. అదే మొత్తాన్ని ఏడాదికి 16 శాతం వడ్డీ మీద మూడేళ్ల పర్సనల్ లోన్‌గా మార్చుకుంటే నెలకు ఈఎంఐ సుమారు 8,440 రూపాయలు, మూడేళ్లకు అప్పు పూర్తిగా తీరిపోతుంది. కాగితం మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడు.

అయితే ఇదే అప్పును ఐదేళ్లకు సాగదీస్తే ఈఎంఐ 5,840 దగ్గరకు దిగి మనసుకు హాయిగా ఉంటుంది గాని, మొత్తం వడ్డీ 63,800 నుంచి 1,10,000 దాటుతుంది. సేల్స్ వాళ్లు నీకు చూపించేది చిన్న ఈఎంఐనే. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు వడ్డీ, ఖర్చులు అన్నీ ఒకచోట చూపే కాగితం, అడిగి తీసుకుని, ప్రాసెసింగ్ ఫీజు, దానితో అంటగట్టే ఇన్సూరెన్సు, ముందుగా తీర్చేస్తే పడే చార్జీ చూడు. నీ క్రెడిట్ స్కోరు పడిపోయిందని 26, 28 శాతం అడిగితే ఆ అప్పు వద్దు. కార్డు బ్యాంకునే బాకీని ఈఎంఐలుగా మార్చమని అడిగి, ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చుకుంటూ రావడం మేలు. చీటీ ముందే పాడుకుని కట్టే ఆలోచన ఉంటే, ఎంత తోపుకు, అంటే చీటీ మొత్తంలో ఎంత వదులుకుని, పాడుతున్నావో చూసుకున్నాకే పాడు.

అన్నీ కలిపే రోజునే కార్డులు రద్దు చేయించాలి. నేను చూసిన ఖాతాల్లో కొత్త అప్పుతో కార్డులు తీర్చి, వాటిని జేబులోనే ఉంచుకున్నవాళ్లు రెండేళ్లలో రెండు అప్పులతో నా ముందుకు వచ్చేవారు. బాకీ లేని కార్డును రద్దు చేయమని కోరితే ఏడు పనిదినాల్లో చేయాలి, ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 500 రూపాయలు నీకే చెల్లించాలి. అత్యవసరానికి తక్కువ పరిమితి ఉన్నది ఒకటి ఉంచుకుంటానంటే, అది మీ ఆవిడ దగ్గర ఉండనీ.

సగానికి సెటిల్ చేస్తామని ఏజెంటు ఊరిస్తే తొందరపడకు. ఆ ఖాతా క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని మిగిలిపోతుంది, రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు అది అడ్డుపడుతుంది. జీతం ఉన్న నీకు ఆ అవసరం లేదని నా అభిప్రాయం. ఉద్యోగమే పోయి, వేరే దారి లేనివాడికి మాత్రం అది తప్పు కాదు. అప్పుడైనా మొత్తం, గడువు రాసిన బ్యాంకు లేఖ చేతికి వచ్చాకే కట్టాలి, కట్టాక బాకీ లేదనే పత్రం తీసుకోవాలి.

గాజులు అమ్మవద్దని మీ అమ్మకు చెప్పాను. పర్సనల్ లోన్ సరైన రేటుకు రాకపోతే వాటిని బ్యాంకులో తాకట్టు పెట్టే మాట ఆలోచిద్దాం, దానికి వడ్డీ తక్కువ. కాని నెలనెలా కడతానని నువ్వు నాకూ, మీ అమ్మకూ ఎదురుగా చెప్పాలి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మూడు కార్డుల ఆరు నెలల స్టేట్‌మెంట్లు ప్రింటు తీసి ఉంచు. యాప్‌ల అప్పులు ఒక్కటీ దాచకుండా విడిగా కాగితం మీద రాయి. మనం లెక్క వేసేటప్పుడు మీ ఆవిడ కూడా మనతో కూర్చోవాలి.

ఇట్లు,
మీ మావయ్య