వసంతంలో మంచు కొండలెక్కబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

వచ్చే వారం మంచు కొండల్లోకి బయలుదేరుతున్నానని, చలికాలంలో నేర్చుకున్న జాగ్రత్తలే ఇప్పుడూ సరిపోతాయని రాశావు. అవి అవసరమే గాని, వాటితోనే సరిపోదు. చలికాలంలో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం రోజుల తరబడి ఒకే తీరున పొంచి ఉంటుంది. వసంతంలో అది గంట గంటకూ మారుతుంది. తెల్లవారుజామున రాయిలా మోసిన వాలే మధ్యాహ్నానికి నీరు పట్టి జారిపోవచ్చు. కాబట్టి దారి కంటే ముందు వేళను నిర్ణయించుకో.

ఆ వేళను నిర్ణయించేది ముందటి రాత్రి. ఆకాశం నిర్మలంగా ఉంటే, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైనే ఉన్నా, మంచు పైపొర తన వేడిని ఆకాశంలోకి వదిలి గట్టిపడుతుంది. మబ్బు కమ్మిన రాత్రి ఆ వేడి బయటికి పోదు. పొర పలచగా గడ్డకడుతుంది, లేదా అసలు కట్టదు. నిద్ర లేవగానే బయటికి వచ్చి నక్షత్రాలు కనిపిస్తున్నాయో లేదో చూడు. తర్వాత మడమతో గట్టిగా తొక్కు. బూటు దిగకపోతే మంచిదే. పైన పెంకు పగిలి కింద మెత్తటి తడి మంచు తగిలితే ఆ రోజు ఏటవాలుల జోలికి పోవద్దు. వాన పడినా అంతే.

ఉత్తరార్ధగోళంలో ఎండ ముందుగా తూర్పు వాలును, ఆపై దక్షిణపు వాలును, చివరికి పడమటి వాలును తాకుతుంది; మెత్తబడటమూ ఆ వరుసలోనే. బూటు చీలమండ దాకా దిగడం మొదలైతే ఆ వాలు వదిలి రావలసిన సమయం వచ్చిందని అర్థం. వాలు మీద నుంచి మంచు ఉండలు చక్రాల్లా చుట్టుకుంటూ దొర్లడం, ఎండకు కాగిన బండల చుట్టూ మంచు కుంగడం కూడా అదే మాట చెబుతాయి. కరిగిన నీరు లోపలికి ఇంకి, శీతాకాలం నుంచి అడుగున దాగిన బలహీనమైన పొరను తడిపితే, పైనున్న మంచంతా ఒక్కసారిగా కదలవచ్చు. పలకలుగా విరిగే చరియలు ఎక్కువగా ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలులోనే పుడతాయి. వాలు కొలిచే చిన్న పరికరం దగ్గర ఉంచుకో.

శిఖరాల అంచున గాలి పేర్చిన మంచు చూరుల గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక ఏడాది మేము గంట ఆలస్యంగా బయలుదేరి, ఆ ఆలస్యాన్ని వేగంతో పూడ్చవచ్చనుకున్నాం. అంచు నుంచి నాలుగు అడుగులు ఇవతల నిలబడ్డాను. నా ముందు సన్నటి గీత ఒకటి మెల్లగా తెరుచుకుంది. వెనక్కి దూకిన మరుక్షణం చూరు మొత్తం విరిగి కింది వాలును తుడిచేసింది. ఆ వాలు మీదనే పది నిమిషాల క్రితం మేమంతా ఉన్నాం. చూరు మనం ఊహించిన చోటికంటే వెనక్కి విరుగుతుందని ఆ రోజు కళ్లారా చూశాను.

ట్రాన్సీవర్ (మంచులో పూడుకుపోయినవారి జాడను రేడియో సంకేతాలతో తెలిపే చిన్న పరికరం), ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఫోన్‌ను ట్రాన్సీవర్‌కు దూరంగా పెట్టుకోండి. పూడుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాల తర్వాత వేగంగా తగ్గిపోతుంది, పైగా తడి మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది. అందుకే అనుమానమున్న వాలును ఒక్కొక్కరే దాటండి; మిగిలినవారు చరియ చేరని చోట నిలబడి, దాటేవారి మీదనుంచి చూపు తిప్పకూడదు. పైన మంచు వేలాడే ఇరుకు లోయల్లో భోజనానికి కూర్చోవద్దు.

తిరిగి దిగే గంటను బయలుదేరక ముందే కాగితం మీద రాసి, తోటివారందరినీ ఒప్పించు. శిఖరం కనుచూపు మేరలో ఉన్నప్పుడు ఎవరూ వెనక్కి తిరుగుదామనరు. ఆ ముందటి రాత్రి మబ్బు పట్టిందంటే నాకు ఫోన్ చెయ్యి. పైన ఏటవాలులు లేని చదును దారి ఏదుందో ఇద్దరం పటం మీద వెతుకుదాం.