ఛాన్సలర్ కాని ఎగోన్ బార్‌కు జర్మనీలో ఇంత గౌరవం ఎందుకు?

ఛాన్సలర్ గానీ విదేశాంగ మంత్రి గానీ కాని ఎగోన్ బార్ పేరును జర్మన్లు పశ్చిమ జర్మనీ ఛాన్సలర్‌గా చేసిన విల్లీ బ్రాంట్ పేరుతో కలిపి ఎందుకు తలుస్తారని అడిగారు. నేను చాలా ఏళ్లుగా బెర్లిన్‌లో ఉంటున్నాను. ఆయన గురించి నాకు మొదట చెప్పింది మా భవనంలో కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ.

1961 ఆగస్టు 13న తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య గోడ లేచినప్పుడు ఆవిడ పశ్చిమ బెర్లిన్‌లో, ఆవిడ అక్క తూర్పు బెర్లిన్‌లో ఉండిపోయారు. రెండేళ్లకు పైగా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. 1963 క్రిస్మస్‌కు మొదటిసారి పశ్చిమ బెర్లిన్ వాళ్లకు తూర్పు వైపు వెళ్లడానికి పర్మిట్లు ఇచ్చారు. ఒక స్కూలు వ్యాయామశాల ముందు చలిలో గంటల తరబడి క్యూలో నిలబడ్డారట. లోపల దరఖాస్తులు తీసుకున్నది తూర్పు జర్మనీ తపాలా ఉద్యోగులు. బంధువులను చూడటానికే అనుమతి, అర్ధరాత్రిలోగా తిరిగి రావాలి. సంచి నిండా కాఫీ పొడి, నారింజలు తీసుకెళ్తే అక్క ఆ సంచి వైపు చూడనే లేదట, తన చేయి మాత్రం సాయంత్రం దాకా వదల్లేదట. ఆ పద్దెనిమిది రోజుల్లో సుమారు 12 లక్షల సందర్శనలు జరిగాయి.

ఆ పర్మిట్ల ఒప్పందం మీద సంతకాలు చేసింది వేరే అధికారులు. దాని వెనుక ఆలోచన మాత్రం అప్పటి పశ్చిమ బెర్లిన్ మేయర్ బ్రాంట్ దగ్గర సమాచార కార్యాలయ అధిపతిగా ఉన్న బార్‌ది. పశ్చిమ జర్మనీ తూర్పు జర్మనీని దేశంగా గుర్తించదు, గుర్తింపు లేనిదే తూర్పు కదలదు. అందుకే స్థలాలకు, అధికారులకు, కార్యాలయాలకు ఉమ్మడి పేర్ల విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదన్న మాటనే ఒప్పంద పత్రంలో రాసుకుని, మిగతా పని కానిచ్చారు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఇదే. తేలని విషయాన్ని తేలలేదని కాగితం మీద ఒప్పుకుని, మనుషులు కలుసుకునే దారి మాత్రం తెరిచారు.

అదే ఏడాది జూలై 15న బవేరియాలోని టుట్సింగ్‌లో ఆయన చేసిన ప్రసంగం సారాంశం కూడా ఇదే. గోడ కమ్యూనిస్టు పాలకుల భయానికి గుర్తు, ఆ భయాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తే సరిహద్దు సడలుతుంది అన్నారు. ‘సాన్నిహిత్యం ద్వారా మార్పు’ అన్న ఆ మాట మీద సొంత పార్టీలోనూ విమర్శలు వచ్చాయి. ఆయనేమీ కమ్యూనిస్టులంటే మెత్తగా ఉండే మనిషి కాదు. 1950లలో అమెరికన్ల ఆధ్వర్యంలోని రియాస్ రేడియోలో వ్యాఖ్యాతగా తూర్పు పాలకులను ఏకిపారేసినవారే. నాయనమ్మ, అమ్మమ్మల్లో ఒకరు యూదురాలన్న కారణంతో నాజీల కాలంలో సంగీతం చదవనివ్వలేదు, 1944లో సైన్యం నుంచీ వెళ్లగొట్టారు. నియంతృత్వం ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1969లో బ్రాంట్ ఛాన్సలర్ అయ్యాక బార్ ఆయన కార్యాలయంలో స్టేట్ సెక్రటరీగా చేరారు. 1970 జనవరి నుంచి మాస్కోలో సోవియట్ విదేశాంగ మంత్రి గ్రోమికోతో విడతలు విడతలుగా చర్చలు జరిపి, ఆగస్టు 12న సంతకమైన మాస్కో ఒప్పందానికి రూపం ఇచ్చారు. మధ్యలో ఆయన తయారుచేసిన పత్రం పత్రికలకు పొక్కి పెద్ద దుమారం రేగింది. సోవియట్ నాయకత్వంతో నేరుగా మాట్లాడటానికి సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ మనుషుల ద్వారా ఒక రహస్య మార్గం, వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్‌తో మరొకటి నడిపారు. ఉన్న సరిహద్దులను ఒప్పుకుంటూనే, జర్మన్లు స్వేచ్ఛగా ఒక్కటయ్యే లక్ష్యానికి ఈ ఒప్పందం అడ్డు కాదని చెప్పే లేఖను సంతకాల రోజే సోవియట్ పక్షానికి అందజేశారు. తర్వాత తూర్పు జర్మనీ ప్రతినిధి మిషాయెల్ కోల్‌తో కూర్చుని 1971లో రవాణా ఒప్పందం, 1972 డిసెంబరులో రెండు జర్మనీల మధ్య సంబంధాలకు పునాది అయిన మౌలిక ఒప్పందం పూర్తి చేశారు. రవాణా ఒప్పందం తర్వాత పశ్చిమ జర్మనీ నుంచి తూర్పు జర్మనీ మీదుగా పశ్చిమ బెర్లిన్‌కు కారులో వచ్చేవాళ్లు వాహనం దిగకుండానే వీసా తీసుకోగలిగారు. వినడానికి చిన్న విషయమే, ఆ రోడ్డు మీద గంటల కొద్దీ తనిఖీలు భరించినవాళ్లకు మాత్రం కాదు.

ఈ విధానం గట్టెక్కింది కూడా అంతంతమాత్రంగానే. 1972 ఏప్రిల్‌లో బ్రాంట్‌ను దించడానికి ప్రతిపక్షం పెట్టిన తీర్మానం రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1974లో ఆయన కార్యాలయంలోనే పనిచేసిన తూర్పు జర్మనీ గూఢచారి గియోమ్ వ్యవహారంతో బ్రాంట్ రాజీనామా చేసినప్పుడు, పార్టీ ఎంపీల సమావేశంలో బార్ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చిన ఫొటో ఇక్కడ ఆ తరం వాళ్లందరికీ గుర్తే. తర్వాత బ్రాంట్ స్థానంలో ఛాన్సలర్ అయిన ష్మిట్ ప్రభుత్వంలో ఆర్థిక సహకార మంత్రిగా రెండేళ్లు, ఆ పైన పార్టీ నిర్వహణ, హాంబర్గ్ శాంతి పరిశోధనా సంస్థ డైరెక్టర్ పదవి. 2015లో, 93 ఏళ్ల వయసులో మరణించారు.

ఆయనలో లోపమూ ఉంది. 1980లలో తూర్పు యూరప్ పాలకులతో మాట్లాడటానికి ఇచ్చిన విలువ పోలండ్ కార్మిక సంఘం సాలిడారిటీ లాంటి ప్రజా ఉద్యమాలకు ఇవ్వలేదు. ఆ విమర్శ న్యాయమైనదే అని నా అభిప్రాయం. అయినా 1963లో, గోడ కట్టి రెండేళ్లు కూడా నిండని రోజుల్లో, అలా ఆలోచించగలిగిన సలహాదారు దొరకడం బ్రాంట్ అదృష్టం.

బెర్లిన్ వస్తే ఫ్రీడ్రిష్‌ష్ట్రాసె స్టేషన్ పక్కనున్న ‘కన్నీటి భవనం’ చూడండి, టికెట్ అక్కరలేదు. తూర్పు నుంచి పశ్చిమానికి వెళ్లేవాళ్లను తనిఖీ చేసిన ఇరుకు గదులు, వెనుక ఏముందో చూడటానికి పైన వాల్చి పెట్టిన అద్దాలు అలాగే ఉంచారు. బార్ చర్చల్లో ఒక్కో వాక్యం కోసం అంతసేపు ఎందుకు పట్టుబట్టారో ఆ గదిలో నిలబడితే తెలుస్తుంది.