కీ బిగుస్తోంది, ఇంజిన్ రెండడుగులకే ఆగిపోతోంది

మీ కీ బొమ్మ రైలింజిన్‌లో స్ప్రింగ్ తెగలేదండి. తెగితే కీ అంత గట్టిగా బిగియదు. మీ పాత హార్న్‌బీ కంపెనీ ‘O’ గేజ్ (పట్టాల వెడల్పును బట్టి చెప్పే సైజు) ఇంజిన్‌లో గ్రీజు జిగురులా గట్టిపడి ఉంటుంది. దాని మీద కొత్త నూనె పోస్తే లాభం లేదు.

1. ముందు బ్రేక్ వదిలి, కీ వదులయ్యే దాకా చక్రాలను వేలితో తిప్పుతూ స్ప్రింగ్ దించేయండి. అందరూ మరిచేది ఇదే. బిగిసిన స్ప్రింగ్‌తో మెషీన్ (స్ప్రింగ్, పళ్లచక్రాలు ఉన్న లోపలి భాగం) విప్పితే వేళ్లు తెగుతాయి.
2. మెషీన్‌ను రేకు బాడీ నుంచి విడదీయండి.
3. ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, తివాచీ పోగులు పట్టకారుతో లాగండి. నాదాంట్లో జానెడు ఎర్ర ఉన్ని దొరికింది!
4. మెషీన్‌ను మాత్రమే కిరోసిన్‌లో బ్రష్‌తో కడగండి. బాడీకి తగిలితే రంగుకు ప్రమాదం.
5. బాగా ఆరాక ఇరుసు చివర్లకు సూదిమొనతో ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె చాలు.