పార్టీ ఇన్సూరెన్స్ డిక్లరేషన్లు వారానికోసారి ఎక్కిస్తే చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: గుంటూరు నుంచి ఢిల్లీకి మిర్చి లోడ్లు పంపుతున్నారు. పార్టీకి, అంటే సరుకు యజమానికి, ఓపెన్ పాలసీ ఉంది. ప్రతి లోడు వివరాలు (డిక్లరేషన్) ఇన్సూరెన్స్ కంపెనీ పోర్టల్‌లో ఎక్కించే పని మీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకే అప్పజెప్పారు. వారం లోడ్లన్నీ కలిపి శనివారం ఎక్కించొచ్చా అని అడిగారు.

వద్దండి. బండి కదలకముందే ఎక్కించండి. విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్లుగా బుకింగ్, క్లెయిముల పనే చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఓపెన్ పాలసీ అంటే ఏడాదిలో పంపబోయే సరుకు విలువను అంచనా వేసి తీసుకునేది. మీరు డిక్లరేషన్ ఇచ్చిన ప్రతిసారీ ఆ మొత్తంలోంచి లోడు విలువ తగ్గుతూ వస్తుంది. సీజన్‌లో బండ్లు వరసగా వెళ్తుంటే బ్యాలెన్స్ ఏ రోజు అయిపోయిందో ఎవరికీ తెలియదు. ప్రీమియం ముందు అందితేనే రిస్క్ మొదలవుతుందని 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ అంటుంది. బ్యాలెన్స్ అయిపోయాక పార్టీ మళ్లీ ప్రీమియం కట్టకపోతే, ఆ తర్వాత బయల్దేరిన బండి మీద ఇన్సూరెన్స్ లేనట్టే. మీరు శనివారం పోర్టల్ తెరిచేసరికి అది నాగపూర్ కూడా దాటిపోయి ఉంటుంది.

ఒక వర్షాకాలం మా దగ్గర బుక్ అయిన బట్టల లోడు దారిలో తడిసింది. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి, బేళ్లు విప్పించకముందే డిక్లరేషన్ ఏ రోజు ఎన్నింటికి ఎక్కిందో అడిగారు. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్‌లో తీసే బిల్లు) టైమును, ఎల్‌ఆర్ (లారీ రసీదు) నంబరును దాని పక్కన పెట్టి చూశారు. మూడూ కలిశాయి, ఇక ఆ మాటే ఎత్తలేదు. 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో ఫ్లోటింగ్ పాలసీల (మొత్తం మీద తీసుకుని, లోడు వివరాలు తర్వాత డిక్లేర్ చేసేవి) విషయంలో, నిజాయితీగా జరిగిన పొరపాటైతే నష్టం తర్వాత కూడా దిద్దుకోవచ్చని ఉంది. కానీ రోడ్డు రవాణా పాలసీలో ఏ షరతులు రాశారన్నదే ముందు చూస్తారు. పైగా ఆ నిజాయితీని నిరూపించుకోవాల్సింది మనమే. అందుకే దాని మీద ఆధారపడకండి.

విలువ దగ్గర అసలు తగ్గించొద్దు. 20 టన్నుల మిర్చి, కిలో 150 రూపాయలనుకుంటే 30 లక్షలు. ప్రీమియం కలిసొస్తుందని పార్టీ 20 లక్షలే వేయమంటే, మూడింట రెండొంతుల విలువకే ఇన్సూరెన్స్ ఉన్నట్టు కాబట్టి, 6 లక్షల నష్టానికి చేతికొచ్చేది 4 లక్షలు కావచ్చు. ఒక బండికి ఎంతవరకు అని పాలసీలో లిమిట్ కూడా ఉంటుంది, లోడింగ్‌కి ముందే అడగండి. దారిలో బండి మారితే ఈ-వే బిల్లులో బండి నంబరుండే పార్ట్-బి మార్చినప్పుడే కొత్త నంబరు ఇన్సూరెన్స్ వాళ్లకీ మెయిల్ చేయండి.

మీరు అడగలేదు గానీ నాకు ఎక్కువ బెంగ ఈ విషయంలోనే. ఆ పాలసీ పార్టీది, మీది కాదు. పార్టీకి డబ్బు ఇచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీ అదే మొత్తం కోసం మీ మీదికి రావచ్చు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, 2011 రూల్స్ ప్రకారం, పార్టీ ఎక్కువ రిస్క్ రేటు (ఎక్కువ బాధ్యత మీరు తీసుకునేందుకు కట్టే అదనపు రేటు) కట్టి ఉండకపోతే మామూలుగా మీ బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. కిరాయి 80 వేలైనా అది 8 లక్షలు! లారీకి చేయించిన మోటార్ ఇన్సూరెన్స్ లోపలి సరుకుకి పనికిరాదు. కాబట్టి సరుకు మీద ట్రాన్స్‌పోర్టర్ బాధ్యతకి వర్తించే క్యారియర్స్ లీగల్ లయబిలిటీ పాలసీ మీ పేరున విడిగా తీసుకోండి. డిక్లరేషన్ల పని ఎలాగూ మీరే చేసిపెడుతున్నారు కాబట్టి, ట్రాన్స్‌పోర్టర్ మీద వసూలుకి రాకుండా తన పాలసీలో సబ్రోగేషన్ వేవర్ (ఆ వసూలు హక్కును కంపెనీ వదులుకోవడం) రాయించమని పార్టీని అడగండి. కంపెనీ ఒప్పుకుంటే పాలసీకి జతచేసే ఆ ఎండార్స్‌మెంట్ కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట చాలదు.