ఫొటో దిగడమా, ఫొటోలో పడడమా?

సందేహం: ‘1838లో పారిస్ వీధిలో బూట్లు తుడిపించుకుంటూ నిలబడ్డ వ్యక్తే మొట్టమొదట ఫొటో దిగిన మనిషి’ అని ఫొటోగ్రఫీ చరిత్రపై వచ్చిన ఒక వ్యాసంలో చదివాను. తనను తీస్తున్నారని తెలియనివాడు ఫొటో ‘దిగాడు’ అనవచ్చునా? ‘1855లో క్రిమియా యుద్ధం ఫొటోలు పత్రికలో పడ్డాయి’ అని కూడా అందులో ఉంది. అది సరైన ప్రయోగమేనా?

సమాధానం: మీ మొదటి అనుమానం సబబైనదే. కెమెరా పట్టినవాడు ఫొటో తీస్తాడు, ఎదుట నిలిచినవాడు దిగుతాడు. బరిలోకి దిగడం, బేరానికి దిగడం అన్నప్పటి లాగానే ఇక్కడి ‘దిగు’లోనూ తెలిసి పూనుకోవడమనే భావం ఉన్నదని నా అభిప్రాయం. తెలియకుండా చిక్కినవాడిని ‘ఫొటోలో పడ్డాడు’ అంటామే గాని దిగాడనము. తొలినాటి ఫొటో పద్ధతిని కనిపెట్టిన ఫ్రెంచివాడు డాగెర్ పైఅంతస్తు నుంచి ఆ వీధిని తీసినప్పుడు, వెండి పూసిన రాగిరేకు మీద బొమ్మ ఏర్పడడానికి నిమిషాలు పట్టింది. ఆ కాసేపట్లో వచ్చిపోయిన బండ్లూ జనమూ జాడ లేకుండా పోగా, కాలు ఎత్తిపెట్టి కదలక నిలుచున్నందువల్ల అతడూ, లీలగా ఆ తుడిచేవాడూ మాత్రం మిగిలారు. కాబట్టి ‘మనకు తెలిసినంతలో మొట్టమొదట ఫొటోలో పడ్డ మనిషి’ అనడమే యుక్తం.

1839లో ఫిలడెల్ఫియాలో తన బొమ్మ తానే తీసుకున్న రాబర్ట్ కార్నీలియస్ విషయంలో ఈ చిక్కు లేదు. అతడు నిస్సందేహంగా దిగాడు. తానూ ఫొటో తీసే పద్ధతి కనిపెట్టినా డాగెర్‌కు దక్కిన గుర్తింపు తనకు దక్కలేదన్న కినుకతో 1840లో మరో ఫ్రెంచివాడు ఇపోలిత్ బయార్ నీట మునిగి చచ్చినవాడిలా కళ్లు మూసుకుని తన ఫొటో తీసుకున్నాడు. ‘చచ్చినట్టు ఫొటో దిగాడు’ అన్న మాట వాచ్యార్థంలోనే సరిపోయే సందర్భం బహుశా ఇదొక్కటే!

ఫొటో జర్నలిజం వచ్చాక ‘పడడం’ మరీ ఎక్కువైంది. రాజకీయ నాయకుల సమావేశాల్లో కెమెరా దాచి ఫొటోలు తీసిన జర్మన్ ఫొటోగ్రాఫర్ ఎరిక్ సాలొమన్‌ను, 1931లో పారిస్‌లో ఫ్రెంచి నాయకుడు బ్రియాఁ గుర్తుపట్టి వేలు చూపగా, సాలొమన్ సరిగ్గా ఆ క్షణాన్నే తీశాడు. అందులో బ్రియాఁ పడ్డాడనాలా, దిగాడనాలా అంటే నేను రెంటికీ ఒప్పుకుంటాను.

ఇక రెండో వాక్యం. ఫొటోలో మనిషి పడడం వేరు, పత్రికలో ఫొటో పడడం వేరు. ఈ రెండోదానికి అచ్చుకావడమని అర్థం. ఆ అర్థంలో క్రియాప్రయోగం తప్పు కాదు, చెప్పిన విషయమే తప్పు. ఫొటోలోని వెలుగునీడలను చుక్కలుగా విడగొట్టి అక్షరాలతో పాటు అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి అప్పటికి పత్రికలకు అందలేదు. న్యూయార్క్‌లోని డైలీ గ్రాఫిక్ పత్రిక ఆ పద్ధతిలో ఫొటో వేసింది 1880 మార్చి 4న. క్రిమియాలో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ తీసిన ఫొటోలను చూసి పనివారు కొయ్యదిమ్మల మీద బొమ్మలు చెక్కగా, ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో పడినవి ఆ బొమ్మలే. అందుచేత ‘ఫొటోలను చూసి చెక్కిన బొమ్మలు పత్రికలో పడ్డాయి’ అని రాయాలి. ‘యుద్ధం ఫొటోలు’ అన్నదాన్ని కూడా ‘యుద్ధరంగపు ఫొటోలు’ అని మార్చడం మంచిది. రసాయనం పూసిన తడి గాజుపలకతో కొన్ని సెకన్లపాటు తీయవలసిన ఆ రోజుల్లో ఫెంటన్ పోరును తీయలేకపోయాడు. గుడారాల ముందు కదలక కూర్చున్న సైనికులు మాత్రం ఫొటో దిగారు.