ఓపియాయిడ్ పరిశోధనలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మ్‌-డి ఐదో సంవత్సరం చదువుతోంది. తర్వాత అమెరికాలో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేసి, ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందుల) ఓవర్‌డోస్, డీ-అడిక్షన్ చికిత్సల మీద పరిశోధన చేస్తానంటోంది. మేమేమో ఫార్మకోవిజిలెన్స్‌లో (మందుల దుష్ఫలితాలను కనిపెట్టి చూసే పని) సెటిల్ అవుతుందనుకున్నాం. అక్కడ ఈ మరణాలు తగ్గుతున్నాయని పేపర్లో చదివాను. అంటే కొన్నాళ్లకు ఈ రంగంలో పని కూడా ఉండదా? ఆడపిల్ల డ్రగ్స్ తీసుకునేవాళ్ల మధ్య పని చేయడమంటే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: పేపర్లో మీరు చదివింది నిజమే. అన్ని మత్తుమందులూ కలిపి ఓవర్‌డోస్‌తో అమెరికాలో 2023లో సుమారు 1,05,000 మంది చనిపోయారు. 2024లో ఆ సంఖ్య 80 వేల దగ్గరికి దిగింది. వీటిలో ఎక్కువ భాగం ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ల వల్లే. ఏడాదికి ఇన్ని వేల మంది పోతుంటే పని లేకుండా పోతుందన్న భయం అక్కర్లేదు. అసలు ఎందుకు తగ్గిందన్న దాని మీదే పరిశోధకులకు ఒక మాట లేదు. ఆగిన ఊపిరిని తిరిగి తెప్పించే నాలొక్సోన్ ముక్కు స్ప్రేను 2023లో డాక్టరు చీటీ లేకుండా అమ్మనిచ్చారు, దాని వల్లా? ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లు తీసుకోవాల్సిన ప్రత్యేక అనుమతిని 2022 చివర్లో ఎత్తేశారు, దాని వల్లా? వీధిలో దొరికే సరుకే మారిందా? దేని వాటా ఎంతో లెక్క తేల్చేవాళ్లే ఇప్పుడు కావాలి.

మీ అమ్మాయి ఇందులోకి దేన్ని చూసి వెళ్తోందో తెలుసుకోవడం ముఖ్యం. కొత్త మందు కనిపెట్టాలని అయితే, ఎంపీహెచ్ దారి అది కాదు. పనిచేసే మందులు ఇప్పటికే ఉన్నాయి. అదే చికిత్సకు వాడే మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ తీసుకుంటూ చికిత్సలో ఉన్నవాళ్లతో పోలిస్తే, మధ్యలో మానేసినవాళ్లలో మరణాలు రెండు రెట్లకు పైనే అని చాలా అధ్యయనాలు చెప్పాయి. మానేసిన మొదటి వారాలు మరీ ప్రమాదం. శరీరానికి పాత డోసును తట్టుకునే శక్తి అప్పటికి పోయి ఉంటుంది. చిక్కంతా మందు మనిషికి చేరడంలో, చేరాక మనిషి నిలబడడంలో ఉంది.

రెండు అధ్యయనాలు ఆమెను చదవమనండి. ఒకటి యేల్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ప్రచురించింది. ఎమర్జెన్సీ వార్డుకు వచ్చిన ఓపియాయిడ్ రోగులకు అక్కడే బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెడితే, 30 రోజుల తర్వాత నూటికి 78 మంది చికిత్సలో ఉన్నారు. ఫలానా సెంటర్‌కు వెళ్లండని చెప్పి పంపినవాళ్లలో 37 మందే ఉన్నారు. మందు అదే, ఇచ్చిన చోటు మారిందంతే.

రెండోది హీలింగ్ కమ్యూనిటీస్ స్టడీ. కెంటకీ, మసాచుసెట్స్, న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లో 67 ప్రాంతాలను తీసుకుని, అమెరికా ప్రభుత్వ నిధులతో చాలా పెద్ద ఎత్తున చేశారు. 2024లో ఫలితం వచ్చింది: ఓపియాయిడ్ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొవిడ్ అడ్డొచ్చింది, ఫెంటనిల్ ముంచెత్తింది, లెక్కించే ఏడాది మొదలయ్యేసరికి అనుకున్న పనుల్లో సగం కూడా మొదలవలేదు. ఈ ఫలితం చదివి మీ అమ్మాయి నీరుగారిపోతే ఈ రంగం ఆమెది కాదు. ‘ఎక్కడ ఆగిపోయింది?’ అని అడిగితే, ధైర్యంగా పంపొచ్చు.

భద్రత గురించి మీకంత భయం వద్దు. ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎలా వ్యాపిస్తాయో లెక్కించే శాస్త్రం) పనిలో ఎక్కువ సమయం గడిచేది కంప్యూటర్ ముందు, డేటాతో. రోగులను కలిసేది కూడా చాలావరకు ఆసుపత్రుల్లోనే.

నిజంగా టెన్షన్ పడాల్సింది డబ్బు, వీసాల గురించి. మామూలు పబ్లిక్ హెల్త్ కోడ్‌తో ఇచ్చే ఎంపీహెచ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు, అంటే చదువయ్యాక ఓపీటీ (అక్కడే పనిచేసే అనుమతి) ఏడాదే. అదే ఎపిడెమియాలజీ లేదా బయోస్టాటిస్టిక్స్ కోడ్ అయితే మరో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఏ కోడ్ వేస్తారో చేరకముందే కాలేజీ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. కన్సల్టెన్సీవాళ్ల నోటిమాట సరిపోదు. అక్కడి ప్రభుత్వ శిక్షణ ఫెలోషిప్‌లు చాలావరకు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. 2025లో పరిశోధన గ్రాంట్లు కూడా చాలా రద్దయ్యాయి. అందుకే ఇల్లు తాకట్టు పెట్టి ఎంపీహెచ్‌కు పంపడం నాకు ఇష్టం లేదు. స్టైపెండ్‌తో పీహెచ్‌డీ వస్తే వేరే మాట.

ఇక్కడే మొదలుపెట్టొచ్చు కూడా. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (పబ్లిక్ హెల్త్ విద్యాసంస్థ), చెన్నైలో ఐసీఎంఆర్ వారి ఎన్ఐఈ (ఎపిడెమియాలజీ సంస్థ) ఎంపీహెచ్ నడుపుతున్నాయి. పని మన దగ్గర తక్కువేం కాదు. ఎయిమ్స్ 2019లో ఇచ్చిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లతో ఇబ్బంది పడుతూ సాయం అవసరమైనవాళ్లు సుమారు 77 లక్షలు. అందులో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఓపియాయిడ్ నొప్పి మందు ట్రామడాల్‌ను 2018లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కిందికి తెచ్చారు కాబట్టి ఫార్మసీ విద్యార్థికి అది తెలిసిన విషయమే. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తు మందు ఓపియాయిడ్ కాదు గానీ, అది ఒక్కసారిగా ఆగిపోతే జనం ఎర్రగడ్డ ఆసుపత్రికి ఎలా పరుగెత్తారో 2015లో చూశాం.

ఏ మందు అన్నదానికి ఆమె అతుక్కుపోనక్కర్లేదు. ‘ఆర్’ లేదా ‘శాస్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్ల మీద పట్టు, క్లినికల్ ట్రయల్ ఎలా నడుస్తుందో అవగాహన ఉంటే, మీరు కోరుకునే ఫార్మకోవిజిలెన్స్‌లో కూడా అవే పనికొస్తాయి.

ఆరో ఏడు ఇంటర్న్‌షిప్‌లో జనరల్ మెడిసిన్ ఆరు నెలలు పోగా, మూడు విభాగాల్లో రెండేసి నెలలు ఉంటాయి కదా. వాటిలో ఒకటి సైకియాట్రీ అడగమనండి. డీ-అడిక్షన్ ఓపీ ఉన్న ఆసుపత్రి అయితే మరీ మంచిది. ఆ రెండు నెలల తర్వాత కూడా ఇదే మాట మీద ఉంటే, అప్పుడు అప్లికేషన్ల సంగతి చూడండి. బ్యాంకు లోన్ ఫారం అప్పటిదాకా ముట్టుకోకండి.