ఇరవై ఏళ్ల స్పోర్ట్స్ కారు: అడ్వాన్స్ ఇచ్చే ముందు అడగాల్సినవి

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కోతలన్నీ పోను నెలకు రూ.2.60 లక్షలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ రూ.68,000, ఇంటి ఖర్చులు రూ.95,000, సిప్‌లు రూ.50,000. మ్యూచువల్ ఫండ్లలో రూ.48 లక్షలు, ఎఫ్‌డీలో రూ.6 లక్షలు ఉన్నాయి. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. జూబ్లీహిల్స్‌లో ఓ డీలర్ దగ్గర 2006 నాటి పోర్షే బాక్‌స్టర్ చూశాను. బెంగళూరు రిజిస్ట్రేషన్, ఆర్‌సీ గడువు వచ్చే నవంబరు దాకా ఉంది. రూ.27 లక్షలు చెబుతున్నారు, అందులో రూ.6 లక్షలు నగదుగా కావాలంటున్నారు. రూ.15 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, మిగతా రూ.12 లక్షలకు ఫండ్లు అమ్ముదామని ఆలోచన. ఇలాంటి కార్ల ధర ఏటా పెరుగుతుందని, ఇది కూడా పెట్టుబడేనని డీలర్ అంటున్నారు. రేపో మాపో రూ.1 లక్ష అడ్వాన్స్ ఇవ్వాలి. కొనవచ్చా? కొనే ముందు ఏమేం అడగాలి? – ఓ పాఠకుడు, మణికొండ

సమాధానం: మీరు చెప్పిన పద్ధతిలో, అంటే పర్సనల్ లోన్ తీసుకుని, ఈ కారును కొనవద్దు. స్పోర్ట్స్ కారు మీద మోజు తప్పని నేను అనను. మీ సంపాదనకు అది అందని కోరికేమీ కాదు. కానీ దాన్ని పెట్టుబడి ఖాతాలో వేసి చూడటం వల్ల, ఖర్చుగా చూసి ఉంటే మీకు మీరే వేసుకునే ప్రశ్నలు కొన్ని పక్కకు తప్పుకున్నాయి.

ముందుగా డీలర్ మాటనే లెక్క కట్టి చూద్దాం. రూ.15 లక్షల పర్సనల్ లోన్‌ను 13 శాతం వడ్డీకి 5 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.34,100 అవుతుంది, వడ్డీ రూపంలోనే రూ.5.5 లక్షల దాకా కట్టాల్సి వస్తుంది. ఇలాంటి కారు సర్వీసుకు, బీమాకు, టైర్లకు, అప్పుడప్పుడు తగిలే మరమ్మతులకు ఏడాదికి రూ.2 లక్షలు పక్కన పెట్టుకోవాలన్నది నా అంచనా. పెద్ద మరమ్మతు ఏదీ రాకపోతేనే ఈ మొత్తం సరిపోతుంది. ధర, వడ్డీ, 5 ఏళ్ల పోషణ, ఆర్‌సీ పునరుద్ధరణ కలిపితే రూ.43 లక్షలు దాటుతుంది కాబట్టి, 5 ఏళ్ల తర్వాత ఈ కారును అంతకంటే ఎక్కువకు అమ్మగలిగితేనే మీకు నష్టం లేనట్టు. ఫండ్లలోంచి తీసే రూ.12 లక్షలు ఈలోగా సంపాదించి పెట్టేదాన్ని నేను ఇందులో కలపనే లేదు. పాత పోర్షేల ధరలు పెరిగిన మాట నిజమే, అయితే ఎక్కువగా పెరిగింది 1998తో ఆగిపోయిన ఎయిర్ కూల్డ్ (గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న) 911 మోడల్ కార్లకు, పరిమిత సంఖ్యలో తయారైన ప్రత్యేక మోడళ్లకు. బాక్‌స్టర్ ఆ కోవలోది కాదు. పైగా మన దేశంలో ఇలాంటి కారు అడిగేవారు బహు కొద్దిమంది కనుక, డబ్బు అవసరమైన రోజున అమ్ముడుపోతుందన్న భరోసా ఉండదు. పన్ను సంగతికొస్తే, సొంత వాడకానికి కొన్న కారు ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మూలధన ఆస్తి కాదు. అమ్మితే వచ్చే లాభంపై పన్ను పడదు, అలాగే నష్టం వస్తే దాన్ని మరో లాభంలో సర్దుబాటు చేసుకునే వీలూ ఉండదు. ఫండ్లు అమ్మినప్పుడు మాత్రం, అవి ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్లయితే, ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలు మించిన లాభంపై 12.5 శాతం పన్ను కట్టాలి.

ఇప్పుడు మీ నెలవారీ లెక్క చూడండి. ఈఎంఐ, ఖర్చులు, సిప్‌లు పోను మీకు మిగిలేది రూ.47,000. కొత్త ఈఎంఐ కట్టాక మిగిలేది రూ.13,000 లోపే. కారు పోషణకే నెలకు సగటున రూ.16,000 పైచిలుకు కావాలి, అంటే మొదటి నెల నుంచే లోటు. ఆ లోటు పూడ్చడానికి సిప్‌లు ఆపుతారు, లేదా ఎఫ్‌డీ కదుపుతారు. మీ అమ్మాయి ఇంటర్ ముగించి కాలేజీ ఫీజు కట్టాల్సిన సమయానికి ఈ రుణం ఇంకా సగానికి పైగా మిగిలే ఉంటుంది. ఇంత పాత కారుకు బ్యాంకులు సాధారణంగా కారు రుణం ఇవ్వవు, అందుకే మీరు పర్సనల్ లోన్ దాకా వెళ్లవలసి వచ్చింది. అప్పిచ్చేవాడు తాకట్టుగా ఒప్పుకోని వస్తువును మనం ఆస్తి అనుకోవడంలో ఏదో తేడా ఉందని అక్కడే అనిపించాలి.

ఇక అడగాల్సిన ప్రశ్నలు. అన్నిటికంటే ముందు కాగితాల గురించే అడగాలి, ఎందుకంటే ఇంజిన్ చెడితే డబ్బుతో బాగవుతుంది గానీ కాగితం చెడితే కారే చేతిలో ఉండకపోవచ్చు. ఆర్‌సీలో ఉన్న పేరు ఎవరిది, ఆ వ్యక్తి మీతో నేరుగా మాట్లాడతారా అని అడగండి. సంతకాలు మాత్రమే పెట్టి ఖాళీగా వదిలిన ఫారం 29, 30 చూపించి ‘పేరు మార్పు సంగతి మేం చూసుకుంటాం’ అని డీలర్ అంటే అంతటితో సరిపెట్టుకోవద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్‌కు రవాణా శాఖ ఇచ్చే అధీకృత ధ్రువపత్రం ఉండాలి, వాహనం తన స్వాధీనంలోకి వచ్చినట్టు రికార్డుల్లో నమోదు కావాలి. ఆ రెండూ చూపించమనండి. కారుపై ఎప్పుడైనా రుణం ఉండి ఉంటే అది తీరినట్టు ఫారం 35, బ్యాంకు లేఖ ఉండాలి.

బెంగళూరు బండి కాబట్టి అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, తేవాల్సింది ఎవరు, ఎన్ని రోజుల్లో తెస్తారు అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. ‘కేఏ నంబరుతోనే తిప్పుకోండి, ఎవరూ అడగరు’ అనే సలహా ఈ బేరాల్లో తప్పకుండా వినిపిస్తుంది. కొనుగోలుదారు 30 రోజుల్లో యాజమాన్య మార్పు కోసం తెలియజేయాలని, వేరే రాష్ట్రం వాహనాన్ని 12 నెలలు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పదని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్‌తో పాటు తెలంగాణ జీవిత పన్ను కూడా కట్టాలి. అది కారు వయసును బట్టి, విలువను బట్టి మారుతుంది కాబట్టి, ఆర్‌సీ నకలుతో ఖైరతాబాద్ రవాణా కార్యాలయానికి వెళ్లి, ఈ కారుకు ఎంత పడుతుందో అడ్వాన్స్ ఇచ్చే ముందే తెలుసుకోండి.

ఆర్‌సీ గడువు నవంబరు దాకా ఉందన్న మాటను మీరు ధైర్యంగా తీసుకున్నట్టున్నారు. నాకు మాత్రం బేరంలో అసలు బలహీనత అక్కడే కనిపిస్తోంది. 2006 నవంబరులో రిజిస్టరైన కారుకు 15 ఏళ్లు 2021లో నిండాయి. 5 ఏళ్లకు పునరుద్ధరించారు, అదీ ఇప్పుడు ముగుస్తోంది. 2025 ఆగస్టులో కేంద్రం సవరించిన రుసుముల ప్రకారం 20 ఏళ్లు దాటిన దిగుమతి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రూ.80,000 కట్టాలి, ఇక్కడే తయారైన మామూలు కారుకైతే అది రూ.10,000. రుసుముకు తోడు కారు ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాలి, హరిత పన్ను కట్టాలి. పునరుద్ధరణ పూర్తయిన ఆర్‌సీ చేతికిచ్చాకే మిగతా డబ్బు అని మీరు పట్టుబట్టవచ్చు, లేదా ఆ ఖర్చునూ ఆ శ్రమనూ లెక్కగట్టి ధర తగ్గించమనవచ్చు. ఎవరో చెప్పారని వింటేజ్ రిజిస్ట్రేషన్ మీద ఆశ పెట్టుకోకండి. 2021 నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటిన వాహనాలకే, ఆ వాహనాలను కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించడానికి, మరమ్మతులకే తప్ప రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు.

దిగుమతి కారు కాబట్టి కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు అడగండి. 2025లో కేరళలో కస్టమ్స్ అధికారులు భూటాన్ మీదుగా దొంగచాటుగా వచ్చాయంటూ పలు ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకున్నారు, వాటిలో చాలావరకు మన దేశంలో రిజిస్టరై తిరుగుతున్నవే. ఆర్‌సీ ఉంది కదా అని ఊరుకోవడానికి వీల్లేదనడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. బిల్ ఆఫ్ ఎంట్రీలోని ఛాసిస్ నంబరు, ఆర్‌సీలోది, కారు మీద చెక్కినది అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి. ఆ 17 అక్షరాలను మీరే చదవవచ్చు: పోర్షే స్పోర్ట్స్ కారు నంబరు డబ్ల్యూ, పీ, సున్నాతో మొదలవుతుంది, 10వ స్థానంలోని 6 అంటే 2006 మోడల్, 11వ స్థానంలో ఎస్ ఉంటే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, యూ ఉంటే ఫిన్లాండ్‌లోని ఉసికౌపుంకి కర్మాగారంలో తయారైనట్టు. బాక్‌స్టర్లు ఆ రెండు చోట్లా తయారయ్యాయి కాబట్టి ఏది ఉన్నా ఫరవాలేదు, కాగితాల్లోనూ కారు మీదా అదే ఉందా అన్నదే ముఖ్యం.

కాగితాలు నిలబడ్డాకే ఇంజిన్ దగ్గరికి వెళ్లండి. డీలర్‌తో సంబంధం లేని, పోర్షేల మీద పనిచేసిన అనుభవమున్న మెకానిక్‌కు ఫీజు ఇచ్చి చూపించండి. రూ.27 లక్షలు పెట్టేవారు ఈ ఫీజు దగ్గర ఆలోచిస్తే ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టే అవుతుంది. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే మరో రోజు రండి. రాత్రంతా నిలిపి ఉంచిన కారును పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే నీలిరంగు పొగ, గొలుసు చప్పుడు, టకటక శబ్దం బయటపడతాయి. ఈ తరం ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ గురించి, అంటే ఇంజిన్ లోపల తిరిగే ఒక ఇరుసును మోసే బేరింగ్ గురించి, వినే ఉంటారు. అది అన్నింటిలోనూ చెడదు, కానీ చెడితే ఇంజిన్‌నే మింగేస్తుంది. అంతకుముందు తరంలో బేరింగ్‌ను బయటి నుంచే మార్చే వీలుండేది, 2006 నాటికి వచ్చిన పెద్ద బేరింగ్‌ను మార్చాలంటే ఇంజిన్‌ను రెండుగా విప్పాలి. ఆయిల్ ఫిల్టర్ కోసి లోపల లోహపు రజను ఉందేమో చూడమనండి. సిలిండర్ గోడలపై గీతలు పడ్డాయేమో సన్నని కెమెరా దించి చూడటం, డయాగ్నస్టిక్ పరికరంతో ఇంజిన్‌ను పరిమితికి మించి తిప్పిన రికార్డు బయటికి తీయడం కూడా ఈ తనిఖీలో భాగం కావాలి. వీటికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఆ నిరాకరణనే జవాబుగా తీసుకోండి.

కారు ఎంత తిరిగింది అని అందరూ అడుగుతారు, ఎంతకాలం నిలిచి ఉంది అని అడిగేవారు తక్కువ. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా నడవని కారులో రబ్బరు ఎండుతుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, టైర్ల అరుగుదల కనిపించకపోయినా అవి గట్టిపడతాయి. టైరు పక్కన చిన్న అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైనదని అర్థం, దాని గాడులు ఎంత లోతుగా ఉన్నా నాలుగు కొత్త టైర్ల ధర బేరంలోంచి తీసేయండి. మడత పైకప్పు అంచుల్లోని నీటి కాలువలు మూసుకుపోతే వాన నీరు సీట్ల కిందికి చేరుతుంది. కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి, వాసన చూడండి. 2022 సెప్టెంబరులో బెంగళూరులోనూ, అంతకుముందు 2020 అక్టోబరులో మన దగ్గరా కార్లు రోజుల తరబడి సెల్లార్ నీళ్లలో మునిగి ఉన్నాయి కాబట్టి, పాత బీమా పాలసీలపై వచ్చిన క్లెయిముల వివరాలు అడగడం అనవసరం కాదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. ఈ కారు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు కనుక ఇంధన గొట్టాలు, సీళ్లు ఎప్పుడు మార్చారో బిల్లులతో చూపించమనండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ఈ కారు ముక్కు రాసుకుంటుందా లేదా అన్నది ఒకసారి నడిపి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది.

బీమా విషయంలో అడగాల్సింది ఒకటే: ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే బీమా సంస్థ లెక్కలోకి తీసుకునే విలువ, ఎంత ఇస్తారు? అయిదేళ్లు దాటిన కారు విలువ మీకూ బీమా సంస్థకూ మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి రెండు, మూడు సంస్థల నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తెప్పించుకోండి. థర్డ్ పార్టీ తప్ప మరేదీ ఇవ్వబోమని అంటే, లేదా రూ.8 లక్షలకు మించి విలువ కట్టబోమని అంటే, మిగతా సొమ్ముకు పూచీ మీరే. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

నగదు మాట అసలు ఒప్పుకోకండి. ఒకే లావాదేవీలో రూ.2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, జరిమానా పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ పడుతుంది. మీకు జరిమానా లేకపోయినా నష్టం ఉంది: రూ.21 లక్షలకే బిల్లు ఉంటే, రేపు బీమా దగ్గర గానీ వినియోగదారుల కమిషన్‌లో గానీ మిగతా రూ.6 లక్షలు మీరు ఇవ్వనట్టే లెక్క.

ఇంత విన్నాక కూడా స్పోర్ట్స్ కారు కావాలనిపిస్తే, ఒక దారి చెబుతాను. ఇప్పుడు మిగులుతున్న రూ.47,000లో నెలకు రూ.35,000 చొప్పున, అంటే కట్టబోయే ఈఎంఐ అంత మొత్తాన్ని, విడిగా ఒక లిక్విడ్ ఫండ్‌లో వేయండి. మూడేళ్లకు అసలే రూ.12.6 లక్షలు అవుతుంది, అప్పటికి మీ అమ్మాయి కాలేజీ సీటు, ఫీజు కూడా తేలిపోతాయి. రుణం లేకుండా, ఎఫ్‌డీ ముట్టుకోకుండా, ఫండ్లలో పదో వంతుకు మించి తీయకుండా ఎంత వస్తుందో అదే మీ కారు బడ్జెట్, అందులోనూ రూ.3 లక్షలు మొదటి ఏడాది మరమ్మతులకు ఉంచి మిగిలినదానికే కారు వెతకండి. ఆ బడ్జెట్‌లో ఈ బాక్‌స్టర్ రాకపోవచ్చు.

ఏ కారణం చేతనైనా ఇదే కారు కావాలని నిర్ణయించుకుంటే, రూ.1 లక్ష అడ్వాన్స్‌ను బ్యాంకు బదిలీ ద్వారానే, ఆర్‌సీలో పేరున్న యజమానికి లేదా అధీకృత డీలర్ ఖాతాకు ఇవ్వండి. బెంగళూరు ఎన్‌ఓసీ, పునరుద్ధరించిన ఆర్‌సీ, బిల్ ఆఫ్ ఎంట్రీ, మీ మెకానిక్ నివేదిక, వీటిలో ఏ ఒక్కటి 45 రోజుల్లో సంతృప్తికరంగా రాకపోయినా అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తామని ఛాసిస్ నంబరుతో సహా రసీదులో రాయించుకోండి. అలా రాసివ్వడానికి ఒప్పుకోకపోతే ఆ లక్ష కూడా ఇవ్వకండి.